ఎడ్మండ్ బొటనవేలు: వెనిలాకు కాయ తెప్పించిన బానిస పిల్లవాడు

మా వినగడపలో ఇంటి కప్పు మీదికి గుమ్మడి పాదు పాకించుకున్న ఆడవాళ్లకు పొద్దున్నే ఒక చిన్న పని ఉంటుంది. ఎండ ముదరకముందే ఒక మగ పువ్వు తెంపుతారు. రేకలు ఒలిచేసి, పసుపు పొడి అంటుకొని ఉన్న లోపలి కాడను, అడుగున గోలీకాయంత పిందె ఉన్న ఆడ పువ్వు నడుమ నెమ్మదిగా రాస్తారు. రాస్తే పిందె నిలుస్తుంది. రాయకపోతే చాలాసార్లు పసుపెక్కి రాలిపోతుంది. తేనెటీగలు బాగా తిరిగే రోజుల్లో ఈ పని అక్కర్లేదు. చుట్టూ చేలల్లో మందు కొట్టే రోజుల్లో ఒక్క ఈగ కనపడదు, అప్పుడు చేత్తోనే చేసుకోవాలి. ఎవరు నేర్పారని అడిగితే అమ్మ చేస్తుంటే చూశామంటారు. పాఠ్యపుస్తకంలో దీన్ని కృత్రిమ పరాగ సంపర్కం అంటారని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

ఇదే గుమ్మడి కుటుంబపు పువ్వు మీద ఇదే పని నేర్చుకున్న ఒక నల్లజాతి బానిస పిల్లవాడు, పన్నెండేళ్ల వయసులో, యూరప్ వృక్షశాస్త్రజ్ఞులు తోటకు పనికొచ్చేలా చేయలేకపోయిన పనిని చేసి చూపించాడు. మనం తినే వెనిలా ఐస్‌క్రీములో అసలు వెనిలా ఉంటే (చాలా వాటిలో ఉండదు, ఫ్యాక్టరీలో తయారైన వాసన ఉంటుంది) అది ఆ పిల్లవాడు చూపిన పద్ధతిలోనే కాసి ఉంటుంది. అతని పేరు ఎడ్మండ్. ఆల్బియస్ అన్న ఇంటిపేరు తర్వాత వచ్చింది. అది ఎలా వచ్చిందో ముందు ముందు చెబుతాం.

హిందూ మహాసముద్రంలో మడగాస్కర్‌కు తూర్పున రీయూనియన్ అనే చిన్న దీవి ఉంది. ఎడ్మండ్ పుట్టిన 1829 నాటికి దాని పేరు బూర్బోన్. ఫ్రెంచి వాళ్ల వలస. చెరకు, కాఫీ తోటలు, వాటిలో చాకిరీ చేసే వేలాది ఆఫ్రికా, మడగాస్కర్ బానిసలు. తెలుగు పాఠకులకు ఈ దీవితో ఒక పాత చుట్టరికం ఉంది. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, 1820ల చివర, మన గోదావరి పాయ ఒడ్డున ఫ్రెంచి వాళ్ల చేతిలో ఉన్న యానాం నుంచి తెలుగు కూలీలను ఓడల్లో అక్కడి తోటలకు తరలించడం మొదలైంది. బానిసల వ్యాపారం మీద నిషేధం వచ్చి కొత్త మనుషులు దొరక్కపోవడంతో ఒప్పందపు కూలీలు కావాల్సి వచ్చారు. యానాం నుంచి వెళ్లినవాళ్ల కాగితాల్లో ఒప్పందం ఉంది, జీతం ఉంది. ఎడ్మండ్‌కు ఆ కాగితం కూడా లేదు.

దీవికి ఈశాన్యాన ఉన్న సెయింత్ సుజాన్‌లో అతను పుట్టాడు. తల్లి మెలీజ్, తండ్రి పాంఫిల్. ఇద్దరూ బానిసలే. తల్లి కాన్పులోనే చనిపోయింది. ఫ్రెంచి చట్టం ప్రకారం బానిసకు ఇంటిపేరు ఉండదు, ఆస్తి ఉండదు, బిడ్డ కూడా యజమాని ఆస్తే. పిల్లవాడు బెలియే-బోమో అనే తోటల యజమానుల కుటుంబంలో పెరిగాడు. ఆ కుటుంబంలో ఫెరియోల్ అనే ఆయనకు మొక్కల పిచ్చి. పసివాణ్ని వెంటేసుకొని తోటంతా తిరిగేవాడు, మొక్కల పేర్లు, పూల భాగాలు చెప్పేవాడు. చదువు మాత్రం చెప్పించలేదు. పూలకు వృక్షశాస్త్రం పెట్టిన పేర్లు నోటికి చెప్పగల ఎడ్మండ్‌కు అక్షరం రాదు. ఫెరియోల్ పిల్లవాణ్ని ముద్దు చేశాడని, కొడుకులా చూశాడని రాసేవాళ్లున్నారు. చేతిలో పలక పెట్టని ముద్దు ఎంతవరకు పోతుందో మన పెద్దలు దొరల ఇళ్లల్లో పశువుల కాపర్లుగా ఉన్న రోజులు తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఫెరియోల్ నేర్పిన వాటిలో ఒక పాఠం ముఖ్యం. గుమ్మడి కుటుంబానికి చెందిన ఒక తీగకు మగ పువ్వును ఆడ పువ్వుతో ఎలా కలపాలో ఆయన చూపించాడు. వినగడపలో పొద్దున్నే జరిగే పనే అది.

ఇక్కడ పువ్వు సంగతి కొంచెం చెప్పుకోవాలి. పూల మొక్కల్లో కాయ కాయాలంటే కేసరాల చివర ఉన్న పుప్పొడి, అండకోశం పైన జిగురుగా ఉండే కీలాగ్రాన్ని చేరాలి. అక్కడ పడ్డ పుప్పొడి రేణువు ఊరకే ఉండదు. సన్నని గొట్టం ఒకటి మొలిపించి, కీలం గుండా కిందికి దిగి, అండాశయంలోని అండాన్ని చేరుతుంది. కలిసిన అండం విత్తనం అవుతుంది, అండాశయం కాయ అవుతుంది. మొక్కల్లోనూ ఆడ, మగ ఉంటాయని, పుప్పొడి లేనిదే విత్తనం కట్టదని 1694లో జర్మనీకి చెందిన కామెరారియస్ ప్రయోగాలు చేసి రాశాడు. పుప్పొడి గొట్టాన్ని ఇటలీకి చెందిన అమీచి సూక్ష్మదర్శినిలో చూసింది 1820లలో. అంటే ఎడ్మండ్ పుట్టేనాటికి అది ప్రయోగశాలల్లో కొత్త కబురు.

పుప్పొడిని మోసుకెళ్లే పని ఒక్కో మొక్క ఒక్కో విధంగా చేయించుకుంటుంది. వరి, మొక్కజొన్నకు గాలి చాలు. మా తిరువూరు వైపు మామిడి పూతకు ఈగలు కావాలి. గుమ్మడికి తేనెటీగలు. గుమ్మడిలో ఆడ, మగ పూలు వేరు కాబట్టి కంటికి తేడా తెలుస్తుంది. వెనిలా అలా కాదు. అది ఆర్కిడ్ జాతి తీగ. ఒకే పువ్వులో రెండూ ఉంటాయి, రెండూ ఒకే కాడకు అతుక్కొని ఉంటాయి. పైన పుప్పొడి ముద్ద, కింద కీలాగ్రం. వెంట్రుకవాసి దూరం. కానీ ఆ రెండింటి నడుమ నాలుకలాంటి చిన్న పొర ఒకటి తలుపులా అడ్డం ఉంటుంది. తన పుప్పొడి తన మీదే పడకుండా ఆ మొక్క పెట్టుకున్న ఏర్పాటు అది. పైగా పువ్వు తెల్లవారుజామున విచ్చుకొని మధ్యాహ్నానికల్లా వాడిపోతుంది. ఒక్క పూట. ఆ పూట దాటితే పువ్వు రాలిపోతుంది, కాయ లేదు.

వెనిలా పుట్టిల్లు మెక్సికో. అక్కడి తోతోనాక్ ఆదివాసులు తరతరాలుగా దాన్ని పెంచారు. ఆ అడవుల్లో తిరిగే కుట్టని చిన్న తేనెటీగలు ఆ తలుపు తీయగలవని చెబుతారు. స్పెయిన్ వాళ్లు వెనిలాను యూరప్‌కు పట్టుకెళ్లారు గానీ ఈగలను పట్టుకెళ్లలేకపోయారు. దాదాపు మూడు వందల ఏళ్లు మెక్సికో బయట ఎక్కడ నాటినా తీగ ఏపుగా పెరిగింది, అక్కడక్కడా పూసింది, కాయలేదు. బూర్బోన్ దీవికి 1820 ప్రాంతంలో తీగ ముక్కలు వచ్చాయి. ఫెరియోల్ తోటలో ఒక తీగ ఇరవై ఏళ్లుగా గొడ్డుబోయి ఉంది.

నిజం చెప్పుకోవాలి కాబట్టి ఇది కూడా రాస్తున్నాం: వెనిలాను చేత్తో కాయించిన మొదటి మనిషి ఎడ్మండ్ కాదు. 1836లో బెల్జియంలోని లీజ్ నగరంలో చార్లెస్ మోరెన్ అనే ఆచార్యుడు గాజు గదిలో పెంచిన తీగకు కాయలు తెప్పించాడు. ఆ వెంటనే పారిస్‌లో మరొకరు చేశారు. కానీ అది తోట రైతుకు పనికొచ్చే విధంగా రాలేదు. వేల పూలకు, ఒక్క పూటలో, కూలి చేతితో చేసే ఉపాయం కావాలి. ఆ ఉపాయం పత్రికల్లో లేదు. బూర్బోన్‌లో ఎవరికీ తెలియదు.

1841లో ఒక ఉదయం ఫెరియోల్ పిల్లవాణ్ని వెంటబెట్టుకొని తోటలో తిరుగుతుంటే ఆ ముసలి తీగకు రెండు కాయలు వేలాడుతూ కనిపించాయి. ఆయన ఆశ్చర్యపోయాడు. తానే వాటిని కాయించానని ఎడ్మండ్ చెప్పాడు. ఆయన నమ్మలేదు. ఇరవై ఏళ్లు తాను కాయించలేనిది, దీవిలోని పెద్దలెవరూ కాయించలేనిది, పన్నెండేళ్ల బానిస కుర్రాడు కాయించాడంటే ఎలా నమ్ముతాడు? కొన్నాళ్లకు మరో కాయ కనిపించింది. అప్పుడు చేసి చూపించమన్నాడు.

ఎడ్మండ్ చేసింది చూడ్డానికి ఏమీ లేదు. విచ్చిన పువ్వును ఎడమ చేత్తో పట్టుకున్నాడు. ముందున్న రేకను చీల్చి వెనక్కి తీశాడు. సన్నని పుల్ల మొనతో నడుమనున్న పొరను పైకి ఎత్తాడు. బొటనవేలితో పుప్పొడి ముద్దను కీలాగ్రం మీదికి నొక్కాడు. అంతే. కొన్ని సెకన్ల పని. పువ్వు రాలకుండా నిలబడితే కాయ పట్టినట్టు.

ఇందులో గొప్పేముంది, ఆ పొరను ఎవరైనా చూస్తారు కదా అనిపించవచ్చు. గొప్ప ఆ చూడటంలోనే ఉంది. గుమ్మడిలో నేర్చుకున్నది రెండు వేరు పూలను కలపడం. వెనిలాలో రెండో పువ్వు లేదు. కలపాల్సినవి రెండూ ఒకే చోట ఉన్నాయని, వాటిని విడదీస్తున్నది ఆ పొర అని, అది లేస్తే చాలని పిల్లవాడు పువ్వును చీల్చి చీల్చి, తనంతట తాను తెలుసుకున్నాడు. ఒక చోటి సూత్రాన్ని ఇంకో చోటికి మార్చి వాడటం అంటే పరిశోధనే. మేము విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి నేర్చుకుంటున్నది ఆ పనే.

ఏకలవ్యుడి బొటనవేలు కోసి తీసుకున్నారు. ఎడ్మండ్ వేలిని అతనికే ఉంచి, అది చేసే పనిని తీసుకున్నారు.

ఫెరియోల్ చుట్టుపక్కల తోటల యజమానులకు ఉత్తరాలు రాశాడు. ఎడ్మండ్‌ను బండెక్కించి తోట తోటకూ పంపారు. ఆ తోటల్లోని బానిసలకు అతను చేసి చూపించాడు, వాళ్లు నేర్చుకున్నారు. ఒక బానిస ఇతర బానిసలకు గురువైన ఆ ప్రయాణాల గురించి మరింత తెలిస్తే బాగుండేది, రాసిపెట్టినవాళ్లు లేరు. లెక్కలు మాత్రం రాసిపెట్టారు. 1848లో దీవి నుంచి ఫ్రాన్స్‌కు వెళ్లిన వెనిలా 50 కిలోలు. 1858కి రెండు టన్నులు, 1867కి 20 టన్నులు, 1898కి 200 టన్నులు. మెక్సికోను దాటేసింది. దీవి నుంచి ఈ పద్ధతి మడగాస్కర్‌కు పోయింది, ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువ వెనిలా అక్కడిదే. కుంకుమపువ్వు తర్వాత అత్యంత ఖరీదైన సుగంధ ద్రవ్యం ఇది. ఆ ఖరీదుకు పెద్ద కారణం ఒక్కో పువ్వుకూ ఒక్కో మనిషి చేయి తగలాల్సి రావడమే.

ఈ మాట దగ్గర కర్నూలు, మహబూబ్‌నగర్ సీడు పత్తి చేలు గుర్తుకు రాక మానవు. 1970లో సూరత్ పరిశోధనా కేంద్రం నుంచి హెచ్-4 అనే సంకర పత్తి వచ్చాక హైబ్రిడ్ విత్తనం పెద్ద వ్యాపారమైంది. పత్తి పువ్వులోనూ ఆడ, మగ రెండూ ఉంటాయి. అది తన పుప్పొడితో తానే కాయకుండా చేయాలంటే, సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను పట్టుకొని రేకలు, కేసరాలు బొటనవేలి గోరుతో ఒలిచేయాలి. మర్నాడు పొద్దున మగ వరుసలోని పువ్వు తెచ్చి దానికి రాయాలి. రైతులు దీన్ని క్రాసింగు అంటారు. ఒక్కో పువ్వుకూ రెండుసార్లు చేయి తగలాలి, అదీ రెండు మూడు నెలలు రోజూ. 1990ల చివర నుంచి ఈ చేల మీద జరిగిన అధ్యయనాలు చెప్పింది ఒకటే: ఆ పనిలో ఉన్నది ఎక్కువగా పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లలు, వాళ్లలో ఎక్కువమంది దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల వాళ్లు, చాలామంది తల్లిదండ్రులు తీసుకున్న అడ్వాన్సుకు కట్టుబడి బడి మానేసినవాళ్లు. చిన్న పిల్లల వేళ్లు సున్నితంగా ఉంటాయని యజమానులు కారణం చెప్పేవారు. అసలు కారణం కూలి తక్కువ కావడం. గింజ సంచి మీద కంపెనీ పేరు, రకం పేరు ఉంటాయి. పరాగ సంపర్కం చేసిన పిల్ల పేరు బడి హాజరు పట్టీలో కొట్టేసి ఉంటుంది.

మళ్లీ దీవికి వద్దాం. 1848 డిసెంబర్ 20న అక్కడ బానిసత్వం రద్దయింది. అరవై వేల మందికి పైగా స్వేచ్ఛ పొందారు. అందరికీ ఇంటిపేర్లు రాయాల్సి వచ్చింది. ఎడ్మండ్‌కు రాసిన పేరు ఆల్బియస్. లాటిన్‌లో తెలుపు అనే మాట నుంచి వచ్చింది. వెనిలా పువ్వు లేత రంగును బట్టి పెట్టారని కొందరంటారు. నల్లని మనిషికి తెలుపు అని పేరు పెట్టడంలో గుమస్తా వెటకారం ఉందని మాకు అనిపిస్తుంది. మన దేశంలో అగ్రకుల కరణాలు మన తాతలకు రాసిన పేర్లు చూసినవాళ్లకు ఆ అనుమానం రాక తప్పదు.

స్వేచ్ఛతో పాటు ఇంకేం వచ్చింది? ఫ్రాన్స్ ప్రభుత్వం 1849లో చట్టం చేసి నష్టపరిహారం ఇచ్చింది. బానిసలకు కాదు, బానిసలను పోగొట్టుకున్న యజమానులకు. బానిసలకు సెంటు భూమి రాలేదు. దీవిని ధనవంతం చేసే పంటకు దారి చూపిన ఎడ్మండ్‌కూ రాలేదు. ఒక్క వెనిలా తోటైనా అతని పేరు మీద లేదు. అతను రాజధాని సెయింత్ డెనిస్‌కు పోయి ఒక సైనికాధికారి వంటింట్లో పనికి కుదిరాడు. కొన్నాళ్లకు నగల దొంగతనం కేసులో ఇరుక్కున్నాడు. కోర్టు కఠిన శిక్ష వేసింది.

దొంగతనం చేశాడా లేదా అన్నది మేము తేల్చబోవడం లేదు. అతన్ని మచ్చలేని మనిషిగా నిలబెట్టాల్సిన అవసరం మాకు కనపడలేదు. మనవాళ్ల గొప్పతనం ఒప్పుకోవడానికి ముందు మనవాళ్ల నుంచి దేవుడంత పవిత్రత అడిగే అలవాటు లోకానికి ఉంది. చేసిన పని చేసిందే. సెయింత్ సుజాన్ న్యాయాధికారి ఒకరు, ఫెరియోల్ కలిసి, ఈ దీవికి ఇంత సంపద రావడానికి కారణమైన మనిషి ఇతనేనని గవర్నర్‌కు విన్నవించుకున్నారు. గడువు తీరకముందే ఎడ్మండ్ విడుదలయ్యాడు. వచ్చింది క్షమాభిక్ష. దీవి బాకీ ఉన్నది అది కాదు.

ఈలోగా మరో దొంగతనం మొదలైంది. దీనికి కేసు లేదు. జాన్ మిషెల్ క్లోడ్ రిషార్ అనే ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు, దీవిలో పేరున్న పెద్దమనిషి, వెనిలాను కాయించే పద్ధతి తనదేనన్నాడు. 1838లోనే తాను దీవిలోని తోటమాలులకు దాన్ని చూపించానని, ఆ కుర్రాడు చూసి పట్టేసి ఉంటాడని ఆయన వాదన. బానిస పిల్లవాడు కనిపెట్టాడంటే నమ్మలేనివాళ్లకు ఈ వాదన నచ్చింది. చూసి దొంగిలించి ఉంటాడన్నది మనకు కొత్త నింద కాదు. గుడి గోడ అవతల వేదం విన్నవాడి చెవి సంగతి స్మృతులు ఏం రాశాయో తెలిసిందే.

ఇక్కడ ఫెరియోల్ ఒక మంచి పని చేశాడు. రిషార్ తనకు పాత స్నేహితుడే అయినా, దీవి చరిత్ర రాస్తున్న ఒకాయనకు 1860ల మొదట్లో ఉత్తరం రాసి, కనిపెట్టింది ఎడ్మండేనని తేల్చి చెప్పాడు. ఆయన తర్కం సూటిగా ఉంది. రిషార్ ముందే నేర్పి ఉంటే, తర్వాత దీవిలోని యజమానులంతా ఎడ్మండ్‌ను పంపమని తనను ఎందుకు అడిగారు? ఇన్నేళ్లు రిషార్ ఎందుకు ఊరుకున్నాడు? ఆ రోజుల్లోనే రీయూనియన్ దీవి మీద వెలువడిన ఒక చిత్రాల సంపుటంలో ఎడ్మండ్ బొమ్మ లితోగ్రాఫ్‌గా అచ్చయింది. కోటు వేసుకొని, చేతిలో వెనిలా తీగతో నిలబడ్డ యువకుడు. ఈ ఉత్తరం లేకపోతే ఆ పేరు మనదాకా వచ్చేది కాదేమో. ఒక నల్లవాడి ఆవిష్కరణకు ఒక తెల్ల యజమాని సాక్ష్యం కావాల్సి వచ్చిందన్నది కూడా ఇక్కడే నమోదు చేసుకోవాలి. పొలం సరిహద్దు గొడవల్లో మనవాళ్ల మాటకు ఇప్పటికీ ఊరి పెద్ద సంతకం అడుగుతారు.

ఎడ్మండ్ కంటే రెండేళ్లు ముందు, 1827లో పుట్టినవాడు జోతీరావు ఫూలే. పూల వ్యాపారం వల్లే ఆ ఇంటిపేరు వచ్చిన మాలీ కులస్థుడు. ఆయన 1873లో గులాంగిరీ ప్రచురించి, బానిసత్వాన్ని తొలగించుకున్న అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చినప్పుడు, హిందూ మహాసముద్రం అవతల ఎడ్మండ్ బతికే ఉన్నాడు. ఒకరి సంగతి ఒకరికి తెలిసే దారి లేదు. చదువు దొరికినవాడు పుస్తకం రాశాడు. చదువు దొరకనివాడి సంగతి పరాయివాళ్ల ఉత్తరాల్లో ఉండిపోయింది.

జైలు నుంచి వచ్చాక ఎడ్మండ్ సెయింత్ సుజాన్‌కే చేరుకున్నాడు. పెళ్లి చేసుకున్నాడు. పాత యజమాని తోటకు దగ్గర్లోనే బతికాడు. తన కళ్లముందే చుట్టూ తోటలు వెనిలా తీగలతో నిండాయి. పూత రోజుల్లో కూలి ఆడవాళ్లు తెల్లవారుజామునే పుల్లలు పట్టుకొని పోయేవారు, ఒక్కొక్కరు మధ్యాహ్నం లోపు వెయ్యి పూలకు పైగా చేయగలరు. కాయ ముదరడానికి ఎనిమిది తొమ్మిది నెలలు. ఆ తర్వాత వేడినీళ్లలో ముంచి, ఎండలో ఆరబెట్టి, దుప్పట్లలో చుట్టి మగ్గబెడితే గానీ వాసన రాదు. వాసన ఎగిరొచ్చే ఆ గోదాములు ఊళ్లో ఎవరివో అందరికీ తెలుసు.

1880 ఆగస్టు 9న సెయింత్ సుజాన్ ఆసుపత్రిలో ఎడ్మండ్ చనిపోయాడు. యాభై ఒక్క ఏళ్లు. కొద్దిరోజుల తర్వాత స్థానిక పత్రిక ఒకటి, దీవి సంపదకు కారణమైన మనిషి దిక్కులేని పేదరికంలో పోయాడని, సాయం కోసం పెట్టుకున్న విన్నపాలకు బదులు రాలేదని చిన్న వార్త వేసింది. చాలా కాలానికి ఆ ఊళ్లో అతనికి స్మారకం కట్టారు. మెక్సికో బయట ఈ రోజుకీ వెనిలా తోటల్లో, మడగాస్కర్‌లో గానీ, కేరళ, కర్ణాటక కొండల్లో గానీ, పుల్లతో పొర ఎత్తి బొటనవేలితో నొక్కే పద్ధతే నడుస్తోంది. యంత్రం రాలేదు.